కడప దాతలకు ఒక మాజీ వార్డెన్ లేఖ: తెచ్చే ముందు అడగండి

కడపలో అన్నదానాలు, పంపిణీలు చేసే యువజన సంఘాల తమ్ముళ్లకు, వ్యాపారుల సంఘాల పెద్దలకు, కువైట్ నుంచి, బెంగుళూరు నుంచి ఏటేటా ఊరికి డబ్బు పంపే మనవాళ్లకు నమస్కారం.

నేను ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు పిల్లల హోంలో పద్నాలుగేళ్లు వార్డెన్‌గా పని చేసి, పోయిన సంవత్సరం మానేశాను. హోం పేరు రాయను. ఆ పిల్లలు పెరిగింది మీరు ఇచ్చినదానితోనే. అది మర్చిపోతే నాకు పుట్టగతులుండవు. మీరు అంత మనసుపెట్టి ఇచ్చేది చేరాల్సిన వేళకు, చేరాల్సిన చోటికి చేరడం లేదన్న బాధ నాలో చాలా ఏళ్లుగా ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నా.

ఒక జనవరి 1 సంగతి చెబుతాను. అప్పుడు మా దగ్గర ముప్పై ఎనిమిది మంది పిల్లలున్నారు. పొద్దున ఏడున్నరకే మొదటి కేకు వచ్చింది. సాయంత్రానికి తొమ్మిది కేకులయ్యాయి. మధ్యాహ్నం రెండు చోట్ల నుంచి బిర్యానీ, రాత్రికి ఇంకో చోట నుంచి. ఎవరొచ్చినా పిల్లలు ముందు హాల్లో వరసగా నిలబడాలి, పాట పాడాలి, థాంక్యూ చెప్పాలి. మూడో తరగతి పిల్లోడొకడు నా కొంగు పట్టుకుని, "అక్కా, ఈ పొద్దు ఇంకా ఎన్నిసార్లు థాంక్స్ చెప్పల్ల?" అని అడిగాడు. వాడి గొంతులో విసుగు లేదు. ఇంకా ఎంత హోంవర్కు మిగిలిందో అడిగినట్టే అడిగాడు. ఆ రాత్రి ఆరుగురికి వాంతులు. ఇంకో పాప రెండు లడ్డూలు దిండు కింద దాచుకుంటే తెల్లారేసరికి దిండంతా చీమలు, పాప మెడంతా దద్దుర్లు. ఎందుకు దాచుకున్నావమ్మా అంటే, "రేపు ఎవురూ రారు గదక్కా" అంది.

ఆ పాప అన్నట్టే జనవరి 2న ఎవరూ రాలేదు.

మాకు పండుగల క్యాలెండర్ ఒకటుండేది. జనవరి 1, ఆగస్టు 15, నవంబరు 14, నాయకుల పుట్టినరోజులు, హీరోల పుట్టినరోజులు, మహాలయ పక్షాల్లో పెద్దల పేరు మీద అన్నదానాలు. ఆ రోజుల్లో అన్నం మిగిలిపోయి పారేసేవాళ్లం. మాకు అవసరాల క్యాలెండర్ ఇంకొకటుండేది. మార్చిలో పదో తరగతి పరీక్షలు, పిల్లలు రాత్రి పదకొండు దాకా చదువుతారు, కరెంటు బిల్లు పెరుగుతుంది. మేలో నలభై రెండు డిగ్రీల ఎండ, బోరు ఎండిపోతుంది, నీళ్ల ట్యాంకర్ కొనాలి. జూన్‌లో బడులు తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫారం ప్రభుత్వ బడిలో ఇస్తారు, కానీ ఇంటర్‌లో, పాలిటెక్నిక్‌లో చేరే పిల్లలకు ఫీజు, బస్సు పాసు, లోపలి బట్టలు ఎవరిస్తారు? ఈ రెండు క్యాలెండర్లూ ఎన్నడూ కలిసేవి కావు. పద్నాలుగేళ్లలో మే నెలలో మా గేటు తట్టిన దాతలను నా చేతి వేళ్ల మీద లెక్కపెట్టగలను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వంటామె సంగతి. ఆమె నెలకు ఏడు వేల జీతానికి పొద్దున నాలుగున్నరకు లేచి ముప్పై ఎనిమిది మందికి మూడు పూటలా వండేది. ఏ పిల్లకు పాలు పడవో, ఎవరు కారం తినరో ఆమెకే తెలుసు. ఒక ఏడు మూడు నెలలు జీతం ఇవ్వలేకపోయాం. ఆమె ఎంత ఓర్చుకున్నా ఆమె ఇంటి బాడుగ ఓర్చుకోదు కదా. కూతురితోపాటు బెంగుళూరుకు, అపార్టుమెంట్లలో పనికి పోయింది. పోయేరోజు వంటగది గడప మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు మా స్టోరు గదిలో పదకొండు బస్తాల బియ్యం ఉన్నాయి. అన్నీ మీరు ఇచ్చినవే, ఒక్కో బస్తా మీద ఒక్కో సంఘం పేరు. బియ్యానికి కొదవ లేదు, వండే చేతులే లేవు. తొమ్మిది రోజులు పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి మళ్లీ అదే, నాకు చేతనైనంతలో నేనే చేశాను. అడుగున ఉన్న బస్తాలకు అప్పటికే పురుగు పట్టింది.

ఆ రోజుల్లోనే మాకు ఎప్పుడూ ఇచ్చే ఒక పెద్దాయనను అడిగాను, ఈసారి బియ్యం వద్దయ్యా, వంటామె జీతం బాకీ తీర్చండి అని. ఆయన మంచివాడు. మొహమాటపడుతూనే అన్నాడు: "నా డబ్బు పిల్లోల్ల నోట్లోకే పోవల్లమ్మా, జీతాలకు, బిల్లులకు పోగూడదు." ఈ మాట మీలో చాలామంది నోట విన్నాను. అయ్యా, ఆ బియ్యం పిల్లల నోట్లోకి పోవాలంటే మధ్యలో గ్యాస్ సిలిండర్ ఉంది, కరెంటు మోటారు ఉంది, పొద్దున నాలుగున్నరకు లేచే ఒక మనిషి ఉంది. అవి లేకుండా బస్తా బస్తాగానే ఉండిపోతుంది. జీతానికి ఇచ్చిన రూపాయి కూడా పిల్లల నోట్లోకే పోతుంది, వంటామె చేతి మీదుగా.

మీ అనుమానం నాకు అర్థమవుతుంది. పిల్లల పేరు చెప్పి తినేవాళ్లు ఉన్నారు, లేరని నేను అనను. అందుకే బియ్యం అయితే కంటికి కనిపిస్తుందని, డబ్బయితే ఏమవుతుందోనని భయం. అలాంటప్పుడు లెక్క అడగండి. బాల న్యాయ చట్టం (2015) 41వ సెక్షన్ కింద ప్రతి హోం రిజిస్టర్ అయి ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. జీతాల పుస్తకం, కరెంటు బిల్లు, కిరాణా బాకీ చూపించమనండి. సరిగ్గా నడిపేవాళ్లు సంతోషంగా చూపిస్తారు. చూపించనివాళ్లకు బియ్యం కూడా ఇవ్వొద్దు, వాటినీ అమ్ముకునేవాళ్లున్నారు. పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇవ్వకుండా చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో ఇచ్చి రసీదు తీసుకోండి.

మనుషులు ఎందుకు ఇస్తారని ఆ ముందు హాల్లో కూర్చుని చాలాసార్లు ఆలోచించాను. రకరకాల వాళ్లను చూశాను. కూతురు పోయిన తండ్రి ఒకాయన ఏటా ఆ బిడ్డ పుట్టినరోజున వచ్చేవాడు. చాక్లెట్లు నా చేతికిచ్చి వెనక బెంచీ మీద గంటసేపు కూర్చుని, ఏ పిల్లతోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఆయన ఇచ్చింది పిల్లలకోసమా, తన దుఃఖం కోసమా అని నేను తూకం వేయలేను, వేయకూడదు కూడా. రంజాన్ నెలలో ఏడాది పాటు తమ దగ్గర నిలిచిన సొమ్ముకు రెండున్నర శాతం జకాత్ దానం లెక్కకట్టి, పేరు చెప్పకుండా కవరు ఇచ్చిపోయేవాళ్లు. దశమభాగం తీసిపెట్టి తెచ్చే ఆటో డ్రైవరు ఒకడు. ఆపరేషన్ బాగా జరిగితే పిల్లలకు అన్నం పెడతానని మొక్కుకున్న తల్లి. ఎన్నికల ముందు మాత్రమే కనిపించేవాళ్లు. అందరూ తెచ్చింది పిల్లలు తిన్నారు.

వీళ్లందరిలో ఒకామెను ఎప్పటికీ మర్చిపోలేను. ఆమెది రాజంపేట వైపు పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆరేళ్లు నెలనెలా 1,500 రూపాయలు పంపింది. డబ్బుకు ముందు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చేది: "అక్కా, ఈ నెల మీకు ఏం తక్కువైంది?" పద్నాలుగేళ్లలో నన్ను ఇట్లా నెలనెలా అడిగింది ఆమె ఒక్కతే. మొదటిసారి నాకు నోట మాట రాలేదు. పెద్ద ఆడపిల్లలకు ప్యాడ్లు కావాలని చెప్పాను, మగవాళ్లు తెచ్చే పంపిణీల్లో అవి ఎన్నడూ ఉండవు. ఇంకో నెల ఒక పిల్లోడికి కళ్లద్దాలు. వాడు చదువులో వెనకబడ్డాడని అందరం తిట్టాం, తీరా చూస్తే వాడికి బోర్డే కనిపించడం లేదు. ఒక మే నెలలో సిగ్గుపడుతూనే కరెంటు బిల్లు అన్నాను. "దానికేముందక్కా, బిల్లు ఫోటో పంపు" అంది. ఎందుకమ్మా ఇంత దూరం నుంచి అని ఒకసారి అడిగాను. ఆమె పిల్లలిద్దరూ ఊళ్లో జేజి దగ్గర పెరుగుతున్నారట. "నా బిడ్డలకు ఎవురో ఒకరు అన్నం పెడతాండారు గదా, అట్లే అనుకో" అంది. ఆమె ముఖం నేను ఇంతవరకు చూడలేదు.

పేరు కోసం ఇవ్వడం తప్పని చాలామంది అంటారు. నేను అనను. మన జిల్లాలోనే, బద్వేలు అవతల పోరుమామిళ్ల చెరువుంది. 1369లో విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి భైరవుని గుడి దగ్గర శాసనంలో ఉంది. ఆ శాసనం దానం చేసేవాళ్లందరూ తెలుసుకోవాల్సింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది. అందులో మొదటిదే రాజు, అంటే చెరువు తవ్వించే దాత: ధర్మం, సంపద ఉండి, నిలిచిపోయే కీర్తి కోరేవాడై ఉండాలి. అంటే కీర్తి కోరిక ఆ రోజుల్లోనే ఒక అర్హత. అయితే అది పన్నెండులో ఒక్కటే, అందులోనూ ఒక భాగమే. మిగతా పదకొండూ ఏమిటో చూడండి. నీళ్ల శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తీపి నీళ్ల నది, ఆనుకుని ఉన్న కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన చెరువు గర్భం, దగ్గర్లో మంచి రాతిగని, చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు, ఇట్లా. అన్నీ ఆ చోటికి, ఆ నీటికి, ఆ పనికి సంబంధించినవి. మనం అపాత్రదానం అంటూ తీసుకునేవాడి యోగ్యతే వెతుకుతాం. ఆరువందల యాభై ఏళ్ల కిందట పోరుమామిళ్లలో దాతను, నేలను, రాయిని, పనివాణ్ని కూడా పరీక్షకు పెట్టారు.

అదే శాసనం ఆరు దోషాలు కూడా చెబుతుంది. అందులో చివరి రెండు చదివినప్పుడు నాకు మా హోమే కనిపించింది. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం ఒక దోషం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం ఇంకో దోషం. జనవరి 1న తొమ్మిది కేకులు రెండోది. మే నెల మొదటిది. ఇచ్చింది మొత్తం కూడితే ఏడాదికి సరిపోయేదే.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడ్డప్పుడు, నాలుగో రోజు నేను, మా హోంలో పనిచేసే ఇంకో ఇద్దరు కలిసి రాజంపేట వైపు పల్లెలకు పోయాం. మేమూ చీరల మూట కట్టుకునే పోయాం, ఎవరినీ అడగలేదు. దారి పక్కన పాత బట్టల కుప్పలు వానకు తడిసి పడి ఉన్నాయి. ఒక ముసలామె గడప దగ్గర నిలబడి ఉంది, ఇంట్లో మోకాటి ఎత్తు ఇసుక. చీర చేతికివ్వబోతే, "చీరలు శానా వచ్చినాయిలే తల్లీ, ఈ ఇసుక ఎవురెత్తల్ల?" అంది. మూట అక్కడే దించి ముగ్గురం సాయంత్రం దాకా ఇసుక ఎత్తాం. ఒక గది కూడా పూర్తికాలేదు. మరుసటి రోజు డబ్బంతా పెట్టి పారలు, గంపలు కొని పట్టుకెళ్లాం. ఆ మాట ముందే అడిగి ఉంటే మొదటి రోజే పారలతో వెళ్లేవాళ్లం.

రక్తదానం చేసే తమ్ముళ్లకు ఒక మాట. మీ హీరో పుట్టినరోజున ఒకే పూట వందలమంది ఇస్తున్నారు, చాలా మంచి పని. కానీ రక్తం మామూలుగా 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటుంది. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. తలసేమియా అనే రక్తం జబ్బున్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి, ఏడాది పొడుగునా ఎక్కించాలి. ఒకరోజున వందమంది ఇచ్చేకంటే, అదే వందమంది జాబితా రాసుకుని వారానికి ఇద్దరు చొప్పున పోతే ఏడాదంతా సరిపోతుంది. బ్లడ్ బ్యాంకు వాళ్లకు ఫోన్ చేసి ఏ గ్రూపు ఎప్పుడు తక్కువ పడుతోందో అడగండి, వాళ్లే చెబుతారు. వేసవిలో కాలేజీలు మూసినప్పుడు మీ అవసరం ఇంకా ఎక్కువ.

ఇక ఫోటోల సంగతి. పిల్లల ముఖాలు కనిపించేలా మీరు స్టేటస్‌లు పెడతారు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి, ఎవరో గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, మా దగ్గర పదో తరగతి చదివే ఒక అమ్మాయి దుప్పటి పట్టుకున్న ఫోటో క్లాసులో ఎవరి ఫోన్‌లోనో కనిపించింది. వారం రోజులు బడికి పోనంది. హోంలో ఉంటున్నట్టు అప్పటిదాకా స్నేహితురాళ్లకు చెప్పుకోలేదు. ఆ ఫోటో పెట్టినాయనకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మీ బ్యానర్‌ను ఫోటో తీసుకోండి, ఇచ్చిన వస్తువులను తీసుకోండి. పిల్లలను వదిలేయండి.

తప్పు మాది కూడా ఉంది. ఏం కావాలని ఎవరైనా ఫోన్‌లో అడిగితే మొహమాటానికి "మీ ఇష్టం, ఏదైనా సరే" అని నేనే ఏళ్ల తరబడి అన్నాను. అడగడం చిన్నతనం అనుకున్నాను. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి కోసం వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయ చిప్ప చేతపట్టుకుని ఊరూరా అడిగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు ఆయన, ఆంధ్ర వాల్మీకి అని పేరు. ఆయనకు లేని సిగ్గు నాకెందుకని చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. అదే ఒంటిమిట్టలో కడప నవాబు దగ్గర పనిచేసిన ఇమాం బేగ్ తవ్వించిన బావి ఉంది. రాముడి గుడికి ఒక ముస్లిం అధికారి ఇచ్చింది నీళ్లు. ఎండాకాలంలో అక్కడికి నడిచిపోయిన వాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మీరు అనాథ పిల్లలని బ్యానర్ మీద రాస్తారు. మా ముప్పై ఎనిమిది మందిలో ఇరవై మందికి పైగా తల్లులున్నారు. భర్త పోయి, బండల పనికి పోతూ, ఇంటి బాడుగ కట్టలేక, పిల్లకు మూడు పూటలా అన్నమైనా దొరుకుతుందని మా గేటు దగ్గర వదిలి వెళ్లినవాళ్లు. ఒక తల్లి ప్రతి ఆదివారం వచ్చి బిడ్డ తల దువ్వి జడేసి వెళ్లేది. ఆమెకు నెలకు రెండు వేలు ఆసరా ఉంటే ఆ బిడ్డ మా దగ్గర ఉండేదే కాదు. కేంద్రం మిషన్ వాత్సల్య కింద ఇలాంటి ఇళ్లలో అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. చాలామంది తల్లులకు ఆ సంగతే తెలియదు. తెలిసినా ఆదాయ సర్టిఫికెట్ కోసం, భర్త మరణ ధ్రువపత్రం కోసం తిరగాలంటే ఆ రోజు కూలి పోతుంది. మీ సంఘంలో చదువుకున్న కుర్రాళ్లున్నారు, బైకులున్నాయి, ఆఫీసుల్లో తెలిసినవాళ్లున్నారు. ఒక తల్లి వెంట నాలుగుసార్లు తిరిగి ఆ కాగితాలు తెప్పించండి. దానికి బస్తా బియ్యం ఖర్చు కూడా కాదు. ఆ బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుంది. నేను చూసిన దానాలన్నిటిలో ఇంతకంటే పెద్దది లేదు, ఇది చేసినవాళ్లు ఇద్దరే కనిపించారు.

మీ సంఘం ఈసారి మీటింగ్ పెట్టుకునేటప్పుడు, చందాలు వసూలు చేయక ముందే, ఇద్దరిని మీకు దగ్గర్లో ఉన్న హోంకో, హాస్టల్‌కో, ముసలివాళ్ల ఆశ్రమానికో పంపండి. పండుగ రోజున వద్దు, మామూలు మంగళవారమో బుధవారమో. ఏమీ తేకుండా వట్టి చేతులతో రండి. ముందు హాల్లో కూర్చోవద్దు, పక్క సందులోంచి వస్తే వెనక వంటగది తలుపుంటుంది. వంటామె పొయ్యి దగ్గర ఉంటుంది, ఆమె పక్కన పీట వేసుకుని అరగంట కూర్చుని, ఏం తక్కువైందమ్మా అని అడగండి.

ఇట్లు,
ఒక మాజీ వార్డెన్,
కడప